మూలికల సరుకుకు ర్యాపిడ్ స్ట్రిప్‌లు: ల్యాబ్ మానేయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎండు మూలికలు టోకున కొని, బాగుచేసి, పొడి కొట్టి మందుల తయారీదార్లకు ఇస్తారు. అతిమధురం, అశ్వగంధ, కరక్కాయ మీ ముఖ్యమైన సరుకు. ప్రతి లాటునూ ల్యాబ్‌కి పంపితే రిపోర్టు వచ్చేదాకా గోడౌన్‌లో ఆగిపోతోంది. పది పదిహేను నిమిషాల్లో ఫలితం చెప్పే స్ట్రిప్‌లు వచ్చాయని విన్నారు. అవి కొంటే ల్యాబ్ మానేయొచ్చా, కొంటే ఏవి కొనాలి అన్నది ప్రశ్న.

మానేయలేరు. కానీ ల్యాబ్‌కి వెళ్లే శాంపిళ్లు తగ్గించుకోవచ్చు, పనికిరాని సరుకును గేటు దగ్గరే తిప్పి పంపొచ్చు. చాలా ఏళ్లుగా మూలికల క్వాలిటీ కంట్రోల్‌లోనే ఉన్నాను. స్ట్రిప్‌లతో బాగుపడినవాళ్లనూ చూశాను, వాటిని నమ్మి సరుకు పంపి, కొన్నవాళ్లు వెనక్కి కొడితే తల పట్టుకున్నవాళ్లనూ చూశాను. స్ట్రిప్ దేనికి జవాబు చెబుతోందో మొదటివాళ్లకు తెలుసు, రెండోవాళ్లకు తెలియదు. అంతే తేడా. "ఈ సరుకు మంచిదేనా" అని స్ట్రిప్‌ను అడగలేం. "ఈ ద్రావణంలో ఫలానా ఒక్క పదార్థం ఫలానా హద్దు దాటిందా" అని మాత్రమే అడగగలం. ఆ పదార్థం ఏదో, ఆ హద్దు ఎంతో, ఆ ద్రావణం ఎలా తయారైందో చూసుకునే బాధ్యత మనదే.

ముందు గీతల సంగతి. ప్రెగ్నెన్సీ కిట్, కోవిడ్ కిట్ చూసిన అలవాటుతో రెండు గీతలు వస్తే "ఉంది" అని అందరి మనసులో పడిపోయింది. మూలికలకు వాడే స్ట్రిప్‌లలో చాలావరకు దీనికి తలకిందులు. కారణం అణువు సైజు. ప్రెగ్నెన్సీ కిట్ పట్టుకునే హార్మోన్ పెద్ద ప్రోటీన్, దాన్ని రెండు యాంటీబాడీలు (ఒక ఫలానా పదార్థాన్నే వెతికి పట్టుకునే ప్రోటీన్లు) రెండు వైపుల నుంచి పట్టుకోగలవు. మన సరుకులో వెతికేవి చిన్న అణువులు. అతిమధురంలోని గ్లైసిరైజిన్ అణుభారం సుమారు 823, బూజు వల్ల పుట్టే విషం అఫ్లటాక్సిన్ బి1ది 312, మలేరియా మందు తీసే ఆర్టెమిసియా మొక్కలోని ఆర్టెమిసినిన్‌ది 282. ఇంత చిన్నదాన్ని ఒకేసారి రెండు యాంటీబాడీలు పట్టుకోవడానికి చోటు చాలదు. అందుకే పోటీ పద్ధతి పెట్టారు. స్ట్రిప్ మొదట్లో అతి సన్నని బంగారు రేణువులు అతికించిన యాంటీబాడీ ఉంటుంది, ఎర్రగా కనిపించేది ఆ బంగారమే. టెస్ట్ లైన్ దగ్గర మనం వెతుకుతున్న పదార్థాన్నే ఒక ప్రోటీన్‌కు తగిలించి గీతగా పూసి ఉంచుతారు. శాంపిల్‌లో ఆ పదార్థం లేకపోతే యాంటీబాడీలు ఖాళీ చేతులతో వచ్చి ఆ గీతను పట్టుకుంటాయి, ఎర్ర గీత పడుతుంది. శాంపిల్‌లో బాగా ఉంటే దారిలోనే చేతులు నిండిపోతాయి, గీత పడదు. అంటే గీత లేకపోతే పదార్థం ఎక్కువ, గీత ఉంటే హద్దు కంటే తక్కువ. స్ట్రిప్ పనిచేసిందని చూపేందుకు పైన ఉండే కంట్రోల్ లైన్ మాత్రం ఎప్పుడూ రావాలి. అది రాకపోతే ఆ స్ట్రిప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. విషపదార్థాల స్ట్రిప్‌లో గీత పోవడం చెడ్డ వార్త. మందు గుణమున్న మార్కర్ పదార్థం (మూలిక నాణ్యతకు గుర్తుగా కొలిచేది) స్ట్రిప్‌లో గీత పోవడం మంచి వార్త. ఒకే బల్ల మీద ఒకే మనిషి రెండు రకాలూ వాడితే, రద్దీ రోజున ఒకదాన్ని ఇంకోదానిలా చదవడం ఖాయం. రెండింటికీ వేర్వేరు రంగు ట్రేలు, వేర్వేరు రిజిస్టర్లు పెట్టండి. రిజిస్టర్‌లో పాజిటివ్, నెగెటివ్ అన్న మాటలు రాయనివ్వద్దు. "గీత ఉంది", "గీత లేదు", "లీలగా ఉంది" అని కంటికి కనిపించిందే రాయించండి. దాని అర్థం ఏమిటో పక్క కాలమ్‌లో మీరు రాయండి.

ఇక పలచన చేయడం. స్ట్రిప్‌ల విషయంలో అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, ఫలితం మొత్తం తిరిగేది కూడా దీని మీదే. మీ అతిమధురాన్నే తీసుకుందాం. మందుల ప్రమాణాల పుస్తకమైన యూరోపియన్ ఫార్మకోపియా ప్రకారం ఎండు వేరులో గ్లైసిరైజిక్ ఆమ్లం (గ్లైసిరైజిన్‌కే ఇంకో పేరు) కనీసం 4 శాతం ఉండాలి. మీ చేతిలోని స్ట్రిప్ హద్దు మి.లీ.కు 500 నానోగ్రాములు అనుకోండి. ఒక గ్రాము పొడిలో 4 శాతం అంటే 40 మి.గ్రా. దాన్ని 100 మి.లీ. ద్రావణంలోకి పూర్తిగా లాగితే మి.లీ.కు 0.4 మి.గ్రా., అంటే 4 లక్షల నానోగ్రాములు. స్ట్రిప్ హద్దు 500 కాబట్టి 800 రెట్లు పలచన చేస్తేనే 4 శాతం దగ్గర గీత ఉండీ ఉండనట్టు అవుతుంది. 800 రెట్లు పలచన చేశాక కూడా గీత పడలేదంటే సరుకులో 4 శాతం లేదా ఎక్కువ ఉన్నట్టు. గీత స్పష్టంగా పడితే తక్కువ.

ఇప్పుడు మీ మనిషి బద్ధకించి 50 రెట్లే పలచన చేశాడనుకోండి. అప్పుడు ఒక గ్రాములో 2.5 మి.గ్రా. ఉన్నా గీత పోతుంది. అంటే 0.25 శాతం ఉన్న పిప్పి కూడా "పాస్" అవుతుంది. స్ట్రిప్ అదే, సరుకు అదే, మీరు అడిగిన ప్రశ్న మారిపోయింది. పైగా 800 రెట్లు చుక్కలు లెక్కపెట్టి చేసే పని కాదు. 1 మి.లీ. తీసి 20 మి.లీ.కు, అందులోంచి 1 మి.లీ. తీసి 40 మి.లీ.కు, ఇలా రెండు మెట్లలో సరైన పిపెట్‌తో, కొలత ఫ్లాస్కుల్లో చేయాలి. నేనైతే ప్రతి శాంపిల్‌ను 400, 800, 1600 రెట్లు, మూడు పలచనల్లో పెట్టమంటాను. గీత ఏ మెట్టు దగ్గర తిరిగి కనిపించిందో చూస్తే సరుకు 2 శాతం లోపా, 2కూ 4కూ మధ్యా, 4కూ 8కీ మధ్యా, అంతకు పైనా అన్నది తేలుతుంది. ఒక్క స్ట్రిప్‌తో వచ్చే అవును-కాదు కంటే ఇది చాలా ఎక్కువ సమాచారం. తేమను కూడా మరవద్దు. 4 శాతం అన్నది ఎండు బరువు మీద లెక్క, తేమ 12 శాతం ఉన్న సరుకులో అదే వేరు తక్కువ చూపిస్తుంది. సారం లాగడం సగంలో ఆగినా అంతే, తక్కువే చూపిస్తుంది. ఎంతసేపు నానబెట్టాలి, ఎంతసేపు కలపాలి అన్నది కాగితం మీద రాసి అందరూ ఒకేలా చేయాలి.

అసలు ఏవి దొరుకుతాయి? మూలికల మార్కర్ పదార్థాల మీద స్ట్రిప్‌ల పరిశోధన కొత్తది కాదు. జపాన్‌లోని క్యూషూ యూనివర్సిటీలో యుకిహిరో షోయామా బృందం గ్లైసిరైజిన్, జిన్సెంగ్‌లోని జిన్సెనోసైడ్లు, సునాముఖిలోని సెన్నోసైడ్ల మీద మోనోక్లోనల్ (అన్నీ ఒకేలా ఉండే) యాంటీబాడీలు తయారుచేసి వాటితో స్ట్రిప్‌లు చేసి చూపించింది. ఆర్టెమిసినిన్ స్ట్రిప్‌ల మీద చైనా అగ్రికల్చరల్ యూనివర్సిటీలో పని జరిగింది, నకిలీ మలేరియా మాత్రల్ని పట్టుకోవడానికి కూడా అవి పనికొస్తాయి. అయితే పరిశోధనా పత్రాల్లో ఉన్నవన్నీ డబ్బాల్లో అమ్మకానికి రాలేదు. ఒక్కో మార్కర్‌కు ఒక్కో యాంటీబాడీ తయారుచేయాలి, మూలికలు వందల రకాలు, ఒక్కోదానికి గిరాకీ తక్కువ. కాబట్టి ఎవరైనా "అన్ని మూలికల నాణ్యత కిట్" అని అమ్మజూపితే ముందు అడగాల్సింది: ఇది ఏ పదార్థాన్ని పట్టుకుంటుంది, హద్దు ఎంత, పోలిక ఉన్న ఏ ఏ పదార్థాలకు కూడా స్పందిస్తుంది? ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి.

తేలిగ్గా దొరికేవి అఫ్లటాక్సిన్, ఆక్రాటాక్సిన్ లాంటి బూజు విషాల స్ట్రిప్‌లు. ధాన్యం, పల్లీల వ్యాపారం పెద్దది కాబట్టి ఇవి బాగా అభివృద్ధి అయ్యాయి. మీకు అసలు లాభం ఇక్కడే ఉండొచ్చు. యూరోపియన్ ఫార్మకోపియా మూలికల్లో అఫ్లటాక్సిన్ బి1కు కిలోకు 2 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లకు 4 మైక్రోగ్రాములు హద్దు పెట్టింది. అతిమధురం వేరుకు ఆక్రాటాక్సిన్ బెడద ఎక్కువని తెలిసి యూరోపియన్ యూనియన్ దానికి ప్రత్యేకంగా 20 పీపీబీ (కిలోకు 20 మైక్రోగ్రాములు) పరిమితి పెట్టింది. ఇలాంటి విషాల పరీక్షకు ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా, గేటు దగ్గరే చూసి గట్టిగా చెడిపోయిన లాటును దించనివ్వకపోవడం పెద్ద సౌకర్యం. కొనేటప్పుడు మీ కొనుగోలుదారు పాటించే పరిమితికి దగ్గరగా హద్దు ఉన్న కిట్ చూసుకోండి. 20 పీపీబీ దగ్గర తిరిగే స్ట్రిప్‌తో 2 పీపీబీ సంగతి తేల్చలేరు.

కానీ ధాన్యానికి చేసిన కిట్ మూలికలకు యథాతథంగా పనిచేస్తుందని అనుకోవద్దు. మీ మూడు సరుకుల్లో కరక్కాయ దీనికి మంచి ఉదాహరణ. కరక్కాయ నిండా టానిన్లు, అంటే వగరు పదార్థాలు. టానిన్ల పనే ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేయడం, యాంటీబాడీ కూడా ప్రోటీనే. టానిన్ ఎక్కువున్న ద్రావణం స్ట్రిప్ మీదికి వెళితే యాంటీబాడీ పాడై గీత పలచబడుతుంది లేదా పోతుంది. పోటీ పద్ధతిలో గీత పోతే "పదార్థం ఉంది" అని అర్థం కదా. కాబట్టి విషాల పరీక్షలో టానిన్ వల్ల మంచి సరుకు చెడ్డదిగా కనిపిస్తుంది. మీకు నష్టమే, కానీ మందు వాడేవాళ్లకు ప్రమాదం లేదు. అదే గందరగోళం మార్కర్ పరీక్షలో జరిగితే చెడ్డ సరుకు మంచిదిగా కనిపిస్తుంది. అది అసలు ప్రమాదం. ఒకే లోపం ఒక పరీక్షలో మనల్ని జాగ్రత్త వైపు, ఇంకోదాంట్లో గోతి వైపు నెడుతుంది. ఈ సంగతి కిట్‌తో వచ్చే కాగితంలో కనిపించడం అరుదు.

మార్కర్ పరీక్షల్లో ఒక అదృష్టం ఉంది. వందల రెట్లు పలచన చేస్తాం కాబట్టి టానిన్ కూడా అంతే పలచబడుతుంది. విషాలు పీపీబీలలో ఉంటాయి, ఎక్కువ పలచన చేయడానికి వీల్లేదు, అక్కడ టానిన్ దెబ్బ నేరుగా తగులుతుంది. దీనికి కొన్ని ఉపాయాలున్నాయి. ద్రావణం పుల్లగా ఉంటే బఫర్‌తో (పులుపును ఒక స్థాయిలో నిలిపే ద్రావణంతో) తటస్థానికి తేవాలి. పీవీపీపీ అనే పొడి కలిపి వడకడితే టానిన్లు చాలావరకు దానికే అంటుకుపోతాయి. అది విషాన్ని కూడా కొంత పట్టుకుపోలేదని తేల్చుకోవడానికి, తెలిసిన మోతాదులో విషం కలిపిన శాంపిల్‌తో ల్యాబ్‌లో ఒకసారి సరిచూడాలి. అఫ్లటాక్సిన్ ప్రమాదకరమైన పదార్థం, ఆ కలిపే పని మీ గోడౌన్‌లో చేయొద్దు. కరక్కాయకు ఇంత తంటా ఎందుకు అనుకుంటే, ఆ ఒక్క సరుకు అఫ్లటాక్సిన్ వరకు నేరుగా ల్యాబ్‌కే పంపండి. నా ఓటు దానికే. ఆల్కహాల్ విషయంలో కూడా జాగ్రత్త. మిథనాల్‌తో సారం తీసే కిట్‌లలో స్ట్రిప్ మీదికి వెళ్లే ముందు బఫర్‌తో ఎంత పలచన చేయమన్నారో అంతే చేయాలి, మిథనాల్ శాతం ఎక్కువైతే యాంటీబాడీ పనిచేయడం మానేస్తుంది.

శాంపిల్ తీయడం గురించి మీరు అడగలేదు, కానీ నేను చూసిన తప్పుడు ఫలితాల్లో ఎక్కువ భాగం స్ట్రిప్ వల్ల వచ్చినవి కావు, పిడికెడు సరుకు ఎక్కడి నుంచి తీశారన్న దాని వల్ల వచ్చినవి. బూజు గోతాం అంతా సమంగా పట్టదు. తడి తగిలిన ఒక మూల నాలుగు ముక్కలకు పడుతుంది, విషమంతా ఆ నాలుగు ముక్కల్లోనే ఉంటుంది. పైనుంచి గుప్పెడు తీసి పరీక్షిస్తే పది లాట్లలో తొమ్మిది శుభ్రంగానే కనిపిస్తాయి, పదోది భయంకరంగా కనిపిస్తుంది, రెండూ నిజం కాకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూలికల పరీక్షా పద్ధతుల్లో చెప్పిన లెక్క సులువైనదే. 5 గోతాల వరకు ఉంటే అన్నింటి నుంచీ, 6 నుంచి 50 ఉంటే 5 గోతాల నుంచీ, 50 దాటితే 10 శాతం గోతాల నుంచీ తీయాలి. ప్రతి గోతాంలో పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల తీయాలి. అన్నీ కలిపి కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మిగిలినవి కలిపి మళ్లీ నాలుగు చేయడం. బూజు విషాల కోసం అయితే ఈ కలిపిన శాంపిల్ పెద్దదిగా ఉండాలి, మొత్తాన్నీ సన్నగా పొడి కొట్టాక అందులోంచి పరీక్షకు తీయాలి. ముక్కలుగా ఉన్నప్పుడే చిన్న భాగం తీసి దాన్నే పొడి కొడితే పడిన శ్రమంతా వృథా. పొడి కొట్టే మిషన్ ఒక లాటుకూ ఇంకో లాటుకూ మధ్య శుభ్రం చేయకపోతే నిన్నటి లాటు ఫలితం ఇవాళ వస్తుంది.

ఇప్పుడు మార్కర్ పరీక్షల అసలు పరిమితికి వద్దాం. అణువు ఒక్కటే చూస్తే మొక్కను చూసినట్టు కాదు. బెర్బరిన్ అనే పసుపు పదార్థాన్ని తీసుకోండి. దారుహరిద్ర పేరుతో వచ్చే బెర్బరిస్ జాతి కాండంలోనూ, దానికి బదులు అమ్మే కోసినియం తీగలోనూ, చైనా వాడే కాప్టిస్ వేరులోనూ అదే బెర్బరిన్ ఉంటుంది. బెర్బరిన్ స్ట్రిప్ మూడింటికీ ఒకే జవాబు చెబుతుంది. అశ్వగంధలో కథ ఇంకా చిత్రం. దాంట్లో జరిగే ముఖ్యమైన కల్తీ, వేరు పొడిలో ఆకు, కాండం కలపడం. విథాఫెరిన్-ఎ అనే పదార్థం వేరు కంటే ఆకులోనే ఎక్కువ. ఆ ఒక్కదాన్నే కొలిచే ఏ పరీక్ష అయినా ఆకు కలిపిన పొడినే మెచ్చుకుంటుంది. దీనికి స్ట్రిప్ వెతక్కండి, మైక్రోస్కోపు కొనండి. వేరు పొడిలో పిండి రేణువులు కనిపిస్తాయి, ఆకు పొడిలో పత్రరంధ్రాలు, పత్రహరితం ఉన్న కణజాలం కనిపిస్తాయి. కాస్త అలవాటైన కళ్లకు నిమిషాల పని.

తెలివైన కల్తీదారు మీ పరీక్ష ఏమిటో తెలుసుకుని దానికి తగ్గట్టే కలుపుతాడు. గింకో సారాల విషయంలో ఇది ప్రపంచమంతా చూసింది. ఫ్లేవనాయిడ్ శాతం చూసి కొనేవాళ్ల కోసం బయటి నుంచి రూటిన్, క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్లు కలిపి అంకెలు సరిపెట్టారు. అతిమధురంలో అంత దూరం వెళ్లనక్కర్లేదు, మంచి వేరు ఉంటే చాలు. 7 శాతం ఉన్న వేరు రెండు వంతులకు, సారం తీసేసిన పిప్పి ఒక వంతు కలిపితే సగటు ఇంకా 4.6 శాతం పైనే ఉంటుంది. స్ట్రిప్ పాస్ అంటుంది. దీన్ని పట్టుకునేది పాత పరీక్షలే: బూడిద శాతం, ఆమ్లంలో కరగని బూడిద, నీటిలో కరిగే సారం, ఇతర పదార్థాల ఏరివేత, హెచ్‌పీటీఎల్‌సీ ప్లేటు (సారంలోని పదార్థాలను ప్లేటు మీద విడదీసి పట్టీలుగా చూపేది). ఇవి పాతకాలపువని చిన్నచూపు చూడకండి. మొత్తం పిప్పే వేరుగా వచ్చినప్పుడు, నిల్వ ఉండి గుణం పోయినప్పుడు, పూర్తిగా వేరే జాతి వచ్చినప్పుడు మాత్రం మార్కర్ స్ట్రిప్ అద్భుతంగా పట్టుకుంటుంది. ఆ పనికి వాడుకోండి.

స్ట్రిప్‌ల వల్ల అన్నింటికంటే ఎక్కువ మేలు జరగగల చోటు ఒకటుంది. అసలు ఉండకూడని పదార్థం ఉందా అని చూడటం. 1993లో బెల్జియం వైద్యులు, బరువు తగ్గే మందులు వాడిన మహిళల్లో మూత్రపిండాలు వేగంగా పాడవుతున్నాయని బయటపెట్టారు. ఆ మందుల్లో వేయాల్సిన స్టెఫానియా మొక్క వేరుకు బదులు చైనా పేర్ల గందరగోళంలో అరిస్టోలోకియా జాతి వేరు వచ్చింది. వందమందికి పైగా దెబ్బతిన్నారు, కొందరికి తర్వాత మూత్రనాళ క్యాన్సర్ కూడా వచ్చింది. అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్న మొక్కలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో పెట్టింది. మన ఈశ్వరి తీగ కూడా ఆ జాతిదే. ఈ ఆమ్లానికి యాంటీబాడీ స్ట్రిప్‌లు పరిశోధనల్లో తయారయ్యాయి. ఇలాంటి చోట గీత పోతే చర్చ లేకుండా లాటు ఆపేయొచ్చు. గీత ఉంటే మాత్రం "హద్దు కంటే తక్కువ" అనే అర్థం, "లేదు" అని కాదు. పది గోతాల్లో అర గోతాం వేరే వేరు కలిసి, అది మీ శాంపిల్‌లో పలచబడిపోయి ఉండొచ్చు.

జాతిని గుర్తించడానికి డీఎన్ఏ స్ట్రిప్‌లూ వస్తున్నాయి. ల్యాంప్ పద్ధతిలో సుమారు 60–65 డిగ్రీల దగ్గర, ఆర్‌పీఏ పద్ధతిలో 37–42 డిగ్రీల దగ్గర డీఎన్ఏను పెంచి స్ట్రిప్ మీద గీతగా చూపిస్తారు. వీటిలో గీత వస్తే "ఉంది" అనే సాధారణంగా అర్థం, అంటే పైన చెప్పినదానికి మళ్లీ ఎదురు. జాతి తెలుస్తుంది, గుణం తెలియదు. ఆకో వేరో చెప్పదు, ఎందుకంటే రెండింటిలో డీఎన్ఏ ఒకటే. ఉడికించి తీసిన సారాల్లో డీఎన్ఏ ముక్కలైపోయి ఉంటుంది. పొడులకు పర్లేదు, సారాలకు నమ్మలేం.

పురుగుమందుల కార్డుల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే స్ట్రిప్‌లు అమ్మేవాళ్లే ఇవీ అంటగడతారు. చాలావరకు ఇవి కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ మీద పనిచేస్తాయి. ఆర్గనోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు ఆ ఎంజైమ్‌ను ఆపితే కార్డు మీద రంగు రాదు. కూరగాయలకు బాగానే ఉంటుంది. మూలికల్లో అదే ఎంజైమ్‌ను ఆపే ఆల్కలాయిడ్లు సహజంగానే ఉంటాయి. మతిమరుపు వ్యాధికి వాడే గాలంటమిన్ మొక్క నుంచి వచ్చిందే, బెర్బరిన్ కూడా ఆ ఎంజైమ్‌ను ఆపుతుంది. మొక్క తన గుణం చూపిస్తే కార్డు పురుగుమందు అంటుంది. పైరిత్రాయిడ్ అనే ఇంకో రకం పురుగుమందులు ఉంటే ఈ కార్డుకు అసలు కనిపించవు. మూలికలకు ఈ కార్డులు వద్దనే చెబుతాను.

సీసం, కాడ్మియం లాంటి లోహాలకు నీటి పరీక్షల స్ట్రిప్‌లు తెచ్చి మూలికల కషాయంలో ముంచడం కూడా కాలక్షేపమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితులు సీసానికి కిలోకు 10 మి.గ్రా., కాడ్మియానికి 0.3 మి.గ్రా. ఆ స్థాయిలో, మొక్క కణాల్లో చిక్కుకున్న లోహాన్ని ఆమ్లంలో పూర్తిగా జీర్ణం చేయకుండా కొలవలేరు. ఇది ల్యాబ్ పని, చర్చ లేదు.

కొన్న తర్వాత వెంటనే నమ్మకుండా మీ సరుకు మీద మీరే సరిచూసుకోవాలి. ల్యాబ్ రిపోర్టు వచ్చి మిగిలిపోయిన పాత శాంపిళ్లు మీ దగ్గర ఉంటాయి. మంచివీ, చెడ్డవీ, ముఖ్యంగా హద్దుకు దగ్గరగా ఉన్నవీ ఏరి, నంబర్లు మాత్రమే వేసి, ఏది ఏదో తెలియని మనిషితో స్ట్రిప్ పెట్టించండి. చెడ్డవని ల్యాబ్ చెప్పిన 30 శాంపిళ్లలో ఒక్కటీ తప్పించుకోలేదని మురిసిపోకండి. గణాంకాల లెక్కలో దాని అర్థం, అసలు తప్పిదం రేటు ఇంకా 10 శాతం దాకా ఉండొచ్చని. 60 చేసి ఒక్కటీ తప్పించుకోకపోతే 5 శాతం దాకా. మూడును శాంపిళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సుమారు లెక్క ఇది. కొత్త బ్యాచ్ స్ట్రిప్‌లు వచ్చినప్పుడల్లా ఒక మంచి శాంపిల్, ఒక చెడ్డ శాంపిల్‌తో చూసి గానీ వాడుకలోకి తేకండి.

వాడకంలో చిన్న విషయాలే కొంప ముంచుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాకెట్‌ను గది వేడికి వచ్చాకే విప్పాలి, లేకపోతే స్ట్రిప్ మీద తేమ చేరుతుంది. కిట్ పదో నిమిషంలో చదవమంటే పదో నిమిషంలోనే చదవాలి, టీ తాగొచ్చి గంట తర్వాత చూస్తే ఎండిన స్ట్రిప్ మీద లేని గీతలు కనిపిస్తాయి. ముదురు రంగు సారాలు స్ట్రిప్ మీద గోధుమ మరక వేస్తాయి, కొత్తవాళ్లు దాన్ని గీత అనుకుంటారు. వడకట్టని ద్రావణం పైకి పాకకుండా ఆగిపోతుంది. ఫోన్ యాప్‌తో చదవొచ్చా అని కూడా అడిగారు. చదవొచ్చు, కానీ ఒకే డబ్బాలో, ఒకే లైటు కింద, ఒకే ఫోన్‌తో. కిటికీ వెలుగులో తీసిన ఫోటోకూ ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటోకూ గీత ముదురుదనంలో వచ్చే తేడా, సరుకులో ఉన్న తేడా కంటే ఎక్కువ ఉంటుంది.

మీ మూడు సరుకులకు నేనైతే ఇలా పెడతాను. అతిమధురానికి గేటు దగ్గర ఆక్రాటాక్సిన్ స్ట్రిప్. గ్లైసిరైజిన్ స్ట్రిప్ నమ్మకంగా దొరికితే మూడు పలచనల్లో అది కూడా, దొరక్కపోతే హెచ్‌పీటీఎల్‌సీ. అశ్వగంధకు మైక్రోస్కోపు, బూడిద శాతం, మీ సరుకు మీద సరిచూసిన అఫ్లటాక్సిన్ స్ట్రిప్. కరక్కాయకు తేమ, బూజు కంటిచూపు పరీక్ష గేటు దగ్గర, విషాల సంగతి ల్యాబ్‌లో. స్ట్రిప్‌లో చెడ్డగా తేలిన లాటును కొత్త శాంపిల్‌తో ఇంకోసారి చూసి అప్పుడే తిప్పి పంపండి. పాసైన లాట్లలో కొన్నింటిని చీటీ తీసి ల్యాబ్‌కి పంపండి, స్ట్రిప్ దారి తప్పితే ముందు అక్కడే తెలుస్తుంది. కొత్త సరఫరాదారు లాట్లు మాత్రం అన్నీ వెళ్లాలి. లోహాలు, పురుగుమందులు, సూక్ష్మజీవులు ఎలాగూ ల్యాబ్‌కే.

మీ కొనుగోలుదారు అనాలిసిస్ సర్టిఫికెట్ అడిగినప్పుడు స్ట్రిప్ ఫోటో పంపకండి, అందులో స్ట్రిప్ ఫలితాన్ని శాతంగా కూడా రాయకండి. అది మీ లోపలి రికార్డు. లాటు నంబరు, స్ట్రిప్ బ్యాచ్ నంబరు, పలచన, చదివిన సమయం, చదివిన మనిషి సంతకం రిజిస్టర్‌లో ఉంచి, ఆ లాటు శాంపిల్‌లో కొంత సీలు వేసి సరుకు గడువు తీరేదాకా దాచండి. తగాదా వస్తే మళ్లీ పరీక్షించడానికి చేతిలో ఉండేది ఆ సీలు వేసిన పాకెట్టే.